గుట్ట మీద కుడి మలుపు

తాళం తీసి ఉన్న సామాన్ల గది. దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న నర్సమ్మ. గేటు తోసుకుని లోపలికి వస్తూ ఆమెను చూసి ఆగిపోయిన ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ చేతుల్లో రెండు సైకిళ్ళు, చెవుల దాకా ఎర్రమట్టి. పోయిన వారం కథను అక్కడే ఆపాం. వాళ్ళూ ఇంకా అక్కడే ఉన్నారు.

నర్సమ్మ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. పెద్దాసుపత్రిలో పిండికట్లు కట్టే గదిలో ఉద్యోగమంతా గడిపి, తల నెరిశాక రిటైరై ఇంటికొచ్చింది. ఆ పేటలో చెయ్యో కాలో విరగ్గొట్టుకున్న ప్రతివాడూ ఏదో ఒక రోజు ఆమె చేతికింద మూలిగినవాడే. గేటు దగ్గరున్న ఇద్దరిలో చిన్నది ఆమె కూతురు. నడక వచ్చిన రోజు నుంచి ఒకచోట నిలిచింది లేదు కాబట్టి అందరూ బొంగరం అంటారు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. రెండో ఆమె కోడలు, బొంగరానికి వదిన. పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు తయారుచేసిచ్చే చోట పనిచేస్తుంది. వదిన మొగుడు, అంటే బొంగరం అన్న, రైలు నడుపుతాడు. ఇంట్లో కంటే పట్టాల మీదే ఎక్కువ ఉంటాడు.

నిరుడు వసంతంలో బొంగరం ఇంటి వెనక గుట్ట మీద సైకిల్ తొక్కుతూ పడింది. ఎడమ మోకాల్లో లిగమెంట్ తెగింది. ఆపరేషను, మంచం, చేతికర్రలు. "ఇక సైకిల్ జోలికి పోనమ్మా" అని మంచం మీద నుంచే మాటిచ్చింది. తల్లి ఆ సైకిల్ని సామాన్ల గదిలోకి తోసి తాళం వేసింది. వానలు వెళ్ళాయి, చలి వెళ్ళింది, గుట్ట మళ్ళీ పచ్చబడింది. తాళం మాత్రం దానంతటది ఊడలేదు.

"ఎవరు తీశారు?" అంది నర్సమ్మ.

"నేనే" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఒక తాళానికి ఇద్దరు దొంగలా? ఒకరు తాళంచెవి తిప్పితే ఇంకొకరు తలుపు పట్టుకున్నారా?"

బొంగరం నోరు తెరవబోయింది. వదిన సైకిల్ని గోడకు ఆనించి ముందుకొచ్చింది.

"నేనే తీశానత్తయ్యా. తాళంచెవి మీ కుట్టుమిషను సొరుగులో ఉంటుందని నాకు తెలుసు."

"నా సొరుగులో చెయ్యి పెట్టావా అమ్మాయ్?"

"పెట్టాను. తప్పే. చలికాలమంతా ఇది కిటికీ దగ్గర కూర్చుని, గుట్టకెళ్ళే సైకిళ్ళని చూస్తూ ఉండేది. ఎదురుగా మనం మాట్లాడుతుంటే ఊ కొట్టేది తప్ప వినేది కాదు. మీరూ చూశారు. మనిషి ఇంట్లోనే ఉంది, ఇంట్లో లేదు."

"నడుస్తోంది కదా. షాపుకెళ్ళి వస్తోంది కదా. మొహం కొంచెం ముడుచుకుంటే మోకాలికేం నష్టం లేదు." నర్సమ్మ గొంతు పెంచలేదు. ఆమెకు ఎప్పుడూ గొంతు పెంచే అలవాటు లేదు. కట్టు బిగించేటప్పుడు అరిచేది రోగులే. "అమ్మాయ్, నువ్వు పళ్ళు చేస్తావు. ఒకటి విరిగితే ఇంకోటి పోతపోసి పెడతావు. మోకాళ్ళు పోతపోసే షాపు ఎక్కడైనా ఉంటే చెప్పు, నేనే దగ్గరుండి దీన్ని సైకిలెక్కిస్తాను."

వదిన బదులు చెప్పబోయి, అత్తగారి చేతులు కుర్చీ కోళ్ళను పట్టుకున్న తీరు చూసి ఆగిపోయింది. వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. అది కోపం కాదని ఆ ఇంట్లో కాపురం చేస్తున్న మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు.

అప్పటిదాకా హ్యాండిల్ మీద ఎండిన మట్టిని గోటితో గీకుతూ నిలబడ్డ బొంగరం తలెత్తింది.

"అమ్మా, మాట తప్పాను. ఎంత తిట్టినా పడతాను. కానీ నువ్వు ఆసుపత్రిలో ఎప్పుడైనా ఎక్స్‌రే చూడకుండా కట్టు కట్టావా?"

"దానికీ దీనికీ ఏంటి?"

"నేను అక్కడ ఏం చేస్తున్నానో చూడకుండా తిడుతున్నావు. వచ్చి చూడు. చూశాక కూడా వద్దంటే, ఈ సైకిల్ని నేనే తీసుకెళ్ళి పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాను. నిన్ను ఇంకో మాట అడగను."

నర్సమ్మ కూతురి మొహంలోకి చూసింది. తర్వాత లేచి లోపలికెళ్ళింది. వంటింట్లో స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించింది. బీరువా తలుపు వినిపించింది. వదినా ఆడపడుచూ ఒకరినొకరు చూసుకున్నారు.

"తలుపేసుకుని పడుకుంటుందేమో" అంది బొంగరం గుసగుసగా.

"అత్తయ్య పగలు పడుకోవడం నేను చూడలేదు" అంది వదిన.

నర్సమ్మ బయటికొచ్చింది. కాళ్ళకు డ్యూటీలో వేసుకునే తెల్ల బూట్లు. భుజానికి పాత సంచి, అందులోంచి బయటికి పొడుచుకొస్తున్న చెక్కబద్దలు, గుడ్డకట్ల చుట్టలు. విరిగిన కాలిని కదలకుండా కట్టే సరంజామా అంతా అందులో ఉంది.

"పదండి" అంది.

"ఇంకా ఏమీ తినలేదు కదత్తయ్యా."

"కడుపు ఎక్కడికీ పారిపోదు. పదండి."

గుట్ట ఎంతో దూరం లేదు. వీధి చివరి వరుస ఇళ్ళు దాటితే, నీళ్ళ పైపుల మీద వేసిన చిన్న వంతెన, ఆ వంతెన దిగితే కాలిబాట. ఇన్నేళ్ళుగా ఆ ఇంటి పెరట్లో బట్టలారేస్తూ నర్సమ్మ ఆ గుట్టను రోజూ చూసింది గానీ ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కినవాళ్ళు ఏమవుతారో ఆమె గదిలోకి వచ్చినప్పుడు మాత్రమే ఆమెకు తెలుసు. ఎముకలు విరక్కుండా కిందికి దిగినవాళ్ళెవరూ ఆ గదికి రారు కదా.

బాట మొదట్లో మెత్తగా ఉంది. రాత్రి కురిసిన చిన్న జల్లుకు మట్టి తడిసి, అడుగు వేస్తే కొద్దిగా లోపలికి పోయి మళ్ళీ పైకి తోస్తోంది. రెండువైపులా పొదలకు లేత చిగుళ్ళు. ఇంకా ఆకుపచ్చ పట్టని, రాగిరంగు చిగుళ్ళు. తుమ్మెదలు మొహం మీదికొచ్చి, ఇది పువ్వు కాదని తెలిశాక పక్కకి పోతున్నాయి. బొంగరం సైకిల్ని నడిపించుకుంటూ ముందు, నర్సమ్మ మధ్య, వదిన వెనక.

"ఈ సైకిల్‌కి టైర్లు ఇంత లావెందుకు?" అంది నర్సమ్మ.

"రాళ్ళ మీద పట్టు దొరకడానికి. ముందు చక్రం దగ్గర చూడు, స్ప్రింగులున్నాయి. దెబ్బ చేతులదాకా రాదు. దీన్ని మౌంటెన్ బైక్ అంటారు."

"బైకంటే పెట్రోలు పోసేది కదే."

"దీనికి పోసేది చెమటేనత్తయ్యా" అంది వెనకనుంచి వదిన.

నర్సమ్మ నవ్వలేదు. కానీ తల తిప్పి కోడలి కాళ్ళవైపు చూసింది. వదిన పిక్కలు గట్టిపడిన సంగతి ఆమె ఇంతవరకు గమనించలేదు. పోయిన శీతాకాలం మెట్లెక్కితే ఆయాసపడే పిల్ల ఇప్పుడు సైకిల్ తోసుకుంటూ ఎక్కుతూ జోకులేస్తోంది.

వదినకు ఆ చూపు అర్థమైంది. సైకిల్ ఆమె మొగుడిది. సీటు కిందికి దించుకుని నేర్చుకుంది. మొదటి రోజు ఈ బాట మీద బ్రేకులు వదలకుండా, చక్రాలు కీచుమంటుంటే, కాళ్ళు నేలకీడుస్తూ దిగింది. వెనకనుంచి బొంగరం ఒక్కటే చెప్పేది: "వదినా, రాయి వైపు చూడకు. రాయి పక్కన దారి వైపు చూడు. కళ్ళెటుంటే చక్రం అటే." ఒక ఉదయం చేతులు వాటంతటవే బ్రేకుల మీదనుంచి సడలాయి. గాలి చెవుల్లో కొత్తగా మోగింది. కిందికొచ్చాక ఎవరికో చెప్పుకోవాలనిపించి, పనిచేసే చోటికెళ్ళి, మైనంలో పళ్ళు చెక్కుతూ తనలో తనే నవ్వుకుంది. పక్క బల్ల దగ్గరి ఆమె "ఏంటి, ఇంట్లో శుభవార్తా?" అని కూడా అడిగింది. ఉదయం పనికి ముందు కాసేపు, ఇంటి వెనకే, ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేని సంతోషం. దాన్ని ఏ పేరుతో చెప్పాలో ఆమెకు తెలియలేదు.

సగం ఎక్కాక బొంగరం ఆగింది. "అమ్మా, వెనక్కి తిరుగు."

నర్సమ్మ తిరిగింది. పేటంతా కిందుంది. తమ ఇంటి డాబా మీద నిన్న తను ఆరేసిన దుప్పటి గాలికి ఊగుతోంది. దాని వెనక ఆసుపత్రి పొడుగాటి కప్పు. తన జీవితమంతా గడిచిన చోట్లు రెండూ ఒక అరచేతిలో పట్టేలా కనిపించాయి.

"ఇంత దగ్గరా" అంది నర్సమ్మ. ఏది దేనికి దగ్గరో చెప్పలేదు.

ఇంకాస్త పైన బాట చుట్టూ పనిచేసిన చేతుల గుర్తులు కనిపించాయి. వాననీరు బాటను కోసెయ్యకుండా అడ్డంగా తవ్విన సన్నటి కాలవలు. చెట్ల వేళ్ళు పైకి తేలినచోట దట్టించిన మట్టి. గుట్ట దిగే బాట ఒకచోట కుడివైపుకి బలంగా వంగుతోంది. కుడిపక్క గుట్ట గోడ, ఎడమపక్క పల్లం. పల్లం అంచున నడుమెత్తు మట్టిగట్టు, దాని అడుగున చిన్న చిన్న రాళ్ళు ఒకదానికొకటి ఆనించి పేర్చి ఉన్నాయి. చక్రం ఆ గట్టు మీద ఆనుకుని తిరిగేలా వాలుగా చెక్కారు.

"నేను పడింది ఇక్కడే" అంది బొంగరం.

నర్సమ్మ అడుగు ఆగింది.

"అప్పుడీ గట్టు లేదమ్మా. డాక్టరు రోజూ నడవమన్నాడు కదా. నడిచి ఇక్కడికే వచ్చేదాన్ని. వచ్చినప్పుడల్లా కాసిని రాళ్ళు పెట్టేదాన్ని."

"ఆపరేషనైన కాలితో రాళ్ళు మోశావా?"

"చిన్నవే. నువ్వే కదా బరువు కొంచెం కొంచెం పెంచమన్నావు."

"ఇసక సంచితో ఇంట్లో చెయ్యమన్నానే."

వదిన మొహం పక్కకి తిప్పుకుంది. ఈ గట్టు సంగతి ఆమెకూ ఈ వసంతంలోనే తెలిసింది. తెలిసిన రోజు ఆ రాళ్ళ వరస మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది. దెబ్బతిన్న మనిషి తనని దెబ్బకొట్టిన చోటికే రోజూ కుంటుకుంటూ వెళ్ళి, ఇంకొకరు పడకుండా రాయి మీద రాయి పెట్టింది. ఇది నా ఆడపడుచు, అని ఆ రోజు తనకు తనే చెప్పుకుంది.

మలుపు దగ్గర ఇద్దరు సైకిళ్ళతో, పాఠం కోసం ఎదురుచూస్తున్నారు. ఒకరు సందు చివర మందుల షాపు నడిపే ఆవిడ. ఇంకొకరు రిటైరైన లెక్కల మాస్టారు, నెత్తిమీద పసుపుపచ్చ హెల్మెట్, దాని కిందనుంచి తెల్లమీసం.

"టీచరమ్మ వచ్చింది" అన్నాడు మాస్టారు. తర్వాత వెనక ఎవరొస్తున్నారో చూసి హెల్మెట్ తీశాడు. "నర్సమ్మగారా. ఈ మణికట్టు మీరు కట్టిందే."

నర్సమ్మ ఆ మణికట్టును పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "మొహం గుర్తులేదు. చెయ్యి గుర్తుంది. బాగానే అతుక్కుంది."

"మీ అమ్మాయికి చిన్నప్పుడు లెక్కలు నేనే చెప్పాను. ఒక్కసారీ పాసవలేదు."

"మరిప్పుడు?"

"ఇప్పుడు ఆవిడ క్లాసులో నేను ఫెయిలవుతున్నాను."

మందుల షాపావిడ నవ్వింది. నర్సమ్మ మొహంలో మాత్రం ఏ కదలికా లేదు. మలుపుకి పక్కగా ఒక బండ చూసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "మీ పని మీరు కానివ్వండి" అంది.

అప్పుడు నర్సమ్మ ఇదివరకెన్నడూ చూడని మనిషిని చూసింది. బొంగరం గొంతు మారింది. ఇంట్లో గబగబా సగం మాటలు మింగేసే పిల్ల ఇక్కడ నిదానంగా, ఒక్కో మాటా వాళ్ళకు అందేలా చెబుతోంది. మందుల షాపావిడ పాదం పెడల్ మీద సరిగా లేకపోతే వంగి తన చేత్తో సర్దింది. "భయంగా ఉందా?" అనడిగింది. ఆవిడ లేదంది. "కొంచెం ఉండాలి. లేకపోతే బ్రేకు మర్చిపోతారు" అంది బొంగరం. మాస్టారు సీటు ఎత్తు సరిచూసింది, తన మోకాలిని వంచి చూపించి, మలుపులో ఒంటి బరువు ఎక్కడుండాలో చెప్పింది. వాళ్ళిద్దరూ ఆమె కళ్ళలోకి చూస్తూ వింటున్నారు. వయసులో ఆమెకు తల్లీ తండ్రీ కాగలిగినవాళ్ళు.

మందుల షాపావిడ ముందు దిగింది. మలుపులో బెదిరి, గట్టు మీదికి ఎక్కకుండా లోపలికి తోసింది. ముందు చక్రం జారింది. సైకిలూ ఆవిడా కలిసి కుడివైపు గోడ వారగా పడ్డారు.

నర్సమ్మ ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. అప్పటికే ఆవిడ పక్కన మోకాళ్ళ మీద ఉంది. భుజం, మోచెయ్యి, నడుము, ఒక్కొక్కటీ నొక్కి చూసింది.

"ఏమీ కాలేదండీ" అంది ఆవిడ నవ్వుతూ. జుట్టు నిండా గడ్డి. "మెత్తగా ఉంది. పడినా బాగానే ఉంది."

తర్వాత మాస్టారు దిగాడు. ఆయనా అక్కడే, అలాగే, కుడివైపే ఒరిగి గడ్డిలో కూర్చుండిపోయాడు. మీసం దులుపుకుంటూ "మళ్ళీ ఫెయిల్" అన్నాడు.

"ఇద్దరూ ఇటే పడ్డారేం?" అంది నర్సమ్మ.

"ఎవరైనా ఇటే పడతారమ్మా" అంది బొంగరం, క్లాసు గొంతుతోనే. "మలుపు కుడికి ఉంది కదా. చక్రం జారితే సైకిల్ బయటికి పోతుంది, మనిషి లోపలికి, అంటే కుడికి పడతాడు. అందుకే ఈ పక్కంతా రాళ్ళేరేసి, మట్టి తవ్వి గుల్లచేసి గడ్డి పరిచాను. జారేవాళ్ళని ఆపలేం. పడేచోటు మెత్తగా చెయ్యగలం."

నర్సమ్మ ఆ గడ్డి మీద చెయ్యి పెట్టి అదిమి చూసింది. కింద మట్టి వేళ్ళు దిగేంత వదులుగా ఉంది. ఆసుపత్రి మంచం మీద పరుపు సర్దేటప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది. లేచి, చేతులు దులుపుకుని, కూతురివైపు తిరిగింది.

"ఇప్పుడు నువ్వు దిగు. పైనుంచి."

బొంగరం సైకిల్ భుజానికెత్తుకుని పైకి ఎక్కింది. పొదల వెనక కనిపించకుండా పోయింది. నర్సమ్మ మళ్ళీ బండ మీద కూర్చోలేదు. వదిన పక్కన వచ్చి నిలబడింది. కాసేపటికి వదిన చేతిమీద ఏదో చల్లగా తగిలింది. అత్తగారి వేళ్ళు. అవి చెయ్యి పట్టుకోలేదు, పుండు మీద కట్టు అదిమినట్టు అదిమాయి.

"తను బాగా తొక్కుతుందత్తయ్యా" అంది వదిన.

"మాట్లాడకు" అంది నర్సమ్మ.

ముందు చప్పుడు వచ్చింది. గులకరాళ్ళ మీద టైర్ల గరగర. తర్వాత బొంగరం కనిపించింది. పైన నల్లటి బండ ఒకటి ఉంది, ఏనుగు కూర్చున్నట్టుగా. దాని వీపు మీదనుంచి సీటుకు వెనగ్గా ఒంగి, చేతులు చాపి, నీళ్ళు జారినంత తేలిగ్గా జారింది. వేళ్ళు తేలినచోట సైకిల్ ఆమె కింద గంతులేస్తోంది, ఆమె నడుము మాత్రం ఒకే ఎత్తులో వస్తోంది. మలుపు ముందర ఒక్కసారి బ్రేకు తాకింది. తల కుడికి తిరిగింది. సైకిల్ ఒరిగి, రాయి మీద రాయి పెట్టి ఆమె కట్టిన ఆ గట్టు మీదికెక్కింది, గట్టు మొత్తం పొడుగునా ఒక్క గీతలా సాగింది, వాళ్ళ ముందునుంచి గాలి కొట్టేలా దాటిపోయి, కింద మెత్తటిచోట ఆగింది.

మాస్టారు చప్పట్లు కొట్టాడు. మందుల షాపావిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వదిన కళ్ళు తుడుచుకుని, మట్టి పడిందన్నట్టు చున్నీ కొస చూసుకుంది.

నర్సమ్మ తెల్ల బూట్లతో నెమ్మదిగా కిందికి నడిచింది. ఆయాసంతో రొప్పుతున్న కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ మోకాలి మీద అరచెయ్యి ఆనించింది. వేడిని, వాపుని చేత్తోనే కొలిచింది. "వంచు" అంది. "చాపు" అంది. బొంగరం వంచింది, చాపింది.

"దిగేటప్పుడు మోకాలు లోపలికి పడలేదు" అంది నర్సమ్మ. "కాలు మొత్తం ఒక వరసలో ఉంది. ఆపరేషన్ చేసిన డాక్టరు కూడా ఇంత వస్తుందనుకోలేదు."

ఇంకెవరి నోటినుంచైనా అది పెద్ద మాట కాకపోవచ్చు. బొంగరానికి అన్నీ వచ్చాయి. ఉద్యోగం వచ్చింది, మెచ్చుకున్న కస్టమర్లు వచ్చారు. తల్లి మెచ్చుకోలు మాత్రం ఇంతవరకు రాలేదు. ఇప్పుడది మోకాలి పేరు చెప్పి వచ్చింది. బొంగరం హెల్మెట్ పట్టీ విప్పడానికి తంటాలు పడింది. వదిన వెళ్ళి విప్పింది.

నర్సమ్మ లేచి, మందుల షాపావిడతో అంది: "ఆ గట్టు చూశారా? మా అమ్మాయే కట్టింది. ఒక్కతే కట్టింది." వాళ్ళకది ముందే తెలుసు. అయినా తెలియనట్టే విన్నారు. ఆమె మాస్టారికి కూడా ఇంకోసారి చెప్పింది. ఈసారి రాళ్ళ సైజు చేత్తో చూపించింది, చూపించినప్పుడు అవి కొంచెం పెద్దవయ్యాయి.

"అయితే సైకిల్ పాతసామాన్లవాడికి ఇవ్వక్కర్లేదా?" అంది బొంగరం.

"ఇస్తే నీ స్టూడెంట్లు నా గేటు విరగ్గొడతారు. రేపట్నుంచి నేనూ వస్తాను. ఈ బండ మీద కూర్చుంటాను. ఎవరు పడినా లేచి తిరగబోయే ముందు నాకు చూపించాలి. అలాగైతేనే."

"అలాగే నర్సమ్మగారూ" అన్నాడు మాస్టారు, ఆమె తన్నే అడిగినట్టు.

స్టూడెంట్లిద్దరూ ఇంకోసారి దిగారు. మందుల షాపావిడ ఈసారి గట్టెక్కింది. ఎక్కిన సంగతి తనే నమ్మలేక కిందదాకా అరుచుకుంటూ వెళ్ళింది. షాపు తెరిచే వేళయిందని ఆవిడా, ఆవిడతోపాటు మాస్టారూ సెలవు తీసుకున్నారు. గుట్ట మీద ముగ్గురే మిగిలారు.

ఎండ పొదల మీదికొచ్చింది. వదిన సీసాలో నీళ్ళు అత్తగారికి ఇవ్వబోయింది. నర్సమ్మ తీసుకోలేదు. ఆమె మలుపు దగ్గర నిలబడి, కుడివైపు గడ్డిలో మనుషులు పడిన గుంటల్ని చూస్తోంది. తర్వాత ఎడమవైపు పల్లాన్ని. మళ్ళీ గడ్డిని.

"ఏమైందత్తయ్యా, కాళ్ళు నొప్పులా?"

"ఏమే" అంది నర్సమ్మ, కూతురితో. గొంతు మామూలుగానే ఉంది, కానీ పొద్దుట కుర్చీలో కూర్చున్నప్పటి గొంతు అది. "నిరుడు నువ్వు ఆసుపత్రిలో ఏం చెప్పావు? చక్రం జారింది, పడ్డాను, పక్కన ఎవరూ లేరు అన్నావు."

బొంగరం సైకిల్ చైను మీద ఏదో చూసుకుంటోంది. "అవును."

"నాకు దెబ్బ గుర్తుంది. ఎడమ మోకాలు, బయటివైపు. అరచెయ్యంత కమిలింది. బయటినుంచి గట్టిగా తగిలింది కాబట్టి లోపలి లిగమెంట్ తెగింది. ఏ రాయో తగిలుంటుందని అప్పుడు ఊరుకున్నాను. చోటు నేను చూడలేదు కదా."

"అమ్మా, ఎండెక్కుతోంది, ఇంటికి..."

"నువ్వే చెప్పావు ఇందాక. ఇక్కడ చక్రం జారినవాళ్ళెవరైనా కుడివైపే పడతారని. ఇద్దరు పడితే ఇద్దరూ కుడికే పడ్డారు, నా కళ్ళతో చూశాను. నువ్వూ కుడికి పడితే నీ కుడి మోకాలు కదా పగలాలి? ఎడమవైపు అప్పుడు గట్టు లేదన్నావు. రాయి లేదు, చెట్టు లేదు, గాలి తప్ప ఏమీ లేదు. మరి నీ ఎడమ మోకాలికి తగిలింది ఏంటి?"

బొంగరం చేతిలోంచి చైను జారి చప్పుడైంది. ఆమె లేచి నిలబడింది. ఇందాక ఏనుగు బండ మీదనుంచి బెదరకుండా దిగిన మనిషి మొహం పాలిపోయి ఉంది.

"ఇంకో సైకిలు" అంది. "కిందనుంచి ఎదురొచ్చింది. దిగే బాట మీద ఎవరూ తొక్కుతూ పైకి రాకూడదు. వచ్చాడు."

"ఎవరు?"

బొంగరం తల్లివైపు చూడలేదు. వదినవైపు చూసింది. వదిన రెండు చేతులూ తన సైకిల్ హ్యాండిల్ మీద ఉన్నాయి. పిడి మీది పాత టేపు తన మొగుడి వేళ్ళకు అరిగినచోటే ఆమె వేళ్ళూ ఆనుకుని ఉన్నాయి.

"చెప్తానమ్మా" అంది బొంగరం. "కానీ వదిన ముందు కాదు."